చెంపకు ఆనించిన తోలు

ఆ వానాకాలానికి నా వేళ్ళకు స్పర్శ పూర్తిగా పోయింది. కుడిచేతి బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళు. చూడ్డానికి మామూలుగానే ఉండేవి. కత్తి పట్టేవి, దారం లాగేవి. ఏం పట్టుకున్నాయో నాకు చెప్పడం మాత్రం మానేశాయి. షుగరు వల్ల అన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాకపోవచ్చు అని కూడా అన్నాడు. చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. మాది తోలు సంచులు బాగుచేసే పని. ఇంటి ముందు గదే దుకాణం. మా వాడు సరుకుల వ్యాను నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట. ఇంకెన్నాళ్ళు నాన్నా ఈ తోళ్ళు, షట్టరు దించేసి గది అద్దెకిచ్చేద్దాం, సెల్‌ఫోన్ల వాడు అడుగుతున్నాడు అని. నేను జవాబు చెప్పేవాణ్ణి కాదు. చేతిలో పని ఉన్నన్నాళ్ళూ ఆ పనే జవాబు. వేళ్ళ సంగతి బయటపడిన రోజు నా దగ్గర జవాబు ఉండదు.

తోలు పనిలో అన్నిటికన్నా ముఖ్యం తడి తెలియడం. తోలు మరీ తడిగా ఉన్నప్పుడు వంచితే సాగిపోతుంది. ఎండినప్పుడు వంచితే పగులుతుంది. రెండింటి మధ్యా ఒక అదను ఉంటుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల చల్లదనం దాగి ఉంటుంది. ఆ చల్లదనాన్ని వేళ్ళతో పట్టుకోవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తోలును చెంపకు ఆనించి చూస్తారు, చెంపకు తొందరగా తెలుస్తుంది కాబట్టి. మా నాన్న నన్ను రెండేళ్ళు అలా ఆనించనిచ్చాడు. ఒకరోజు తోలుకూ నా చెంపకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టి, ఇక వేళ్ళు చాలు అన్నాడు. ఆ రోజుతో నేను పనివాణ్ణయ్యాను. మా పనిలో అదే పట్టా. వేరే కాగితం ఏమీ ఉండదు.

మళ్ళీ చెంపకు ఆనించడమంటే తల నెరిసినవాడు పలక పట్టుకుని ఒకటో తరగతిలో కూర్చోవడమే. బడికి నేను మూడేళ్ళే వెళ్ళాను, ఆ మూడేళ్ళూ చాలు. అందుకని వేళ్ళు మొద్దుబారాక కూడా చెంపకు ఆనించలేదు. రంగు చూసి తడి అంచనా కట్టేవాణ్ణి. వచ్చేవన్నీ చిన్నాచితకా పనులు కనక గడిచిపోయింది.

కొలతలమ్మ వచ్చింది అలాంటి రోజుల్లోనే. స్థలాలు కొలిచే ఆఫీసులో పనిచేసేది కాబట్టి వీధిలో అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళు. యాభై దాటిన మనిషి. గొడుగు గుమ్మంలోనే దులిపి, లోపలికొచ్చి, పాత పేపరు చుట్టిన పొట్లం ఒకటి నా పీట ముందు పెట్టింది.

విప్పి చూశాను. చేతిసంచి. ఒకప్పుడు బెల్లం రంగులో ఉండి ఉండాలి. ఇప్పుడు ఒక పక్క ఎండకు వెలిసిపోయింది, రెండో పక్క నీళ్ళు నిలిచి నల్లబడింది. మడతల్లో బూజు. మూత ఎండుటాకులా పైకి చుట్టుకుపోయింది. పిడి చిట్లి లోపలి తాడు బయటపడింది. తాళం తుప్పు. లోపలి గుడ్డ చీకిపోయి, అందులో ఏదో పిట్ట గూడు మొదలుపెట్టి మానుకున్నట్టు నాలుగు గడ్డిపోచలు. అయినా తోలు దళసరిది, కుట్టు చేత్తో వేసింది. ఎవడు కుట్టాడో గానీ మనసులోనే వాడికి దండం పెట్టుకున్నాను.

"దీనిమీద ఎవరికి కోపం వచ్చిందండీ?" అని అడిగింది మా కోడలు, నాకు టీ ఇస్తూ.

"దీనిమీద కాదమ్మా, నామీద," అంది కొలతలమ్మ.

తాపీగా చెప్పింది. అంతకు ముందటి ఏడాది ఎండాకాలంలో ఒక పెద్దమనిషి గోడ రోడ్డు మీదికి ఎన్ని అడుగులు జరిగిందో కొలిచిందట. కొలిచింది కొలిచినట్టు రాసింది. కాస్త తగ్గించి రాయమని ఆఫీసులో నలుగురూ చెప్పారు, వినలేదు. మర్నాడు భోజనానికి లేచి వచ్చేసరికి కుర్చీకి తగిలించిన సంచి లేదు. అందరినీ అడిగింది. అందరూ తమ తమ కాగితాల్లోకి చూసుకున్నారు. ఏడాది దాటాక నీళ్ళ ట్యాంకు బాగుచేసేవాడు మేడ మీది నుంచి దీన్ని పట్టుకొచ్చి, ఇదెవరిది అని అడిగాడట. రెండు ఎండాకాలాలూ ఒక వానాకాలమూ ఆ ట్యాంకు పక్కనే పడి ఉంది.

"వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆ ఆఫీసుకి నన్నే పై అధికారిగా వేశారు," అంది. "ఆ రోజు ఇది భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాలి. కొత్తదానిలా చెయ్యొద్దు పెద్దాయనా. చూడగానే అదే సంచి అని తెలియాలి. తెగకూడదు, అంతే."

ఇరవై రోజులు గడువుంది. తల ఊపాను. నా తల ఊపడం ఒప్పుకోవడమో కాదో కొలతలమ్మకు అర్థం కాలేదు. లోపలి గదిలోంచి మా ఆవిడ కేకేసింది. "ఒప్పుకున్నట్టేనమ్మా. ఆయన నోరు తెరిస్తే కుట్టు ఊడిపోతుందని భయం."

మా కోడలి గురించి చెప్పాలి. పెళ్ళికి ముందు గొడుగులు కుట్టే చోట పనిచేసేది. మా ఆవిడ ముద్దొస్తే గొడుగమ్మా అని పిలిచేది, కోపమొస్తే చిల్లుల గొడుగా అనేది. దానికీ ఆ పిల్ల నవ్వేది. మాటకారి. నాకు మాత్రం ఆ పిల్ల అలవాటు ఒకటి నచ్చేది కాదు. కొన్నాళ్ళుగా నా టీ గ్లాసుకు చిన్న గుడ్డముక్క చుట్టి ఇస్తోంది. బాలింతకిచ్చినట్టు ఇదేం వేషం అనుకునేవాణ్ణి. అనుకోవడమే. అనేవాణ్ణి కాదు.

పని మొదలుపెట్టాను. వాన తెరిపిచ్చినప్పుడు సంచిని వీధరుగు మీదికి తీసుకెళ్ళి పొడి బ్రష్షుతో బూజు దులిపాను. ఆ పని ఇంట్లో చేస్తే పక్క సంచులకు కూడా పట్టుకుంటుంది. తుప్పు తాళం ఊడదీసి కిరసనాయిల్లో నానేశాను. చీకిన గుడ్డ కోసేశాను. సబ్బును నీళ్ళలో కాక నురుగులో మాత్రమే ముంచి, ఒక్కో పక్కా తుడుచుకుంటూ వచ్చాను. మొదటి గుడ్డ నల్లగా వచ్చింది. నాలుగోది గోధుమ రంగులో. ఏడోదానికి బెల్లం రంగు తొంగి చూసింది. లోపల పాత పేపర్లు కుక్కి, పొయ్యికీ ఎండకూ దూరంగా మంచం కింద నీడలో ఆరబెట్టాను. రెండు రోజులకొకసారి ఆముదం, తేనెమైనం కలిపి పలచగా రాశాను. తొందరపడి ఎక్కువ రాస్తే తోలు తాగినవాడిలా తూలుతుంది, మరి నిలబడదు.

అంతవరకూ కళ్ళతో చేయగలిగిన పనే. లోపలికి కొత్త గుడ్డ కుడుతున్నప్పుడు మాత్రం చూసుకోలేదు. సూది నా వేలిలో దిగి ఉంది. నాకు తెలియలేదు. గుడ్డ మీద ఎర్రటి చుక్కలు అప్పటికే నాలుగు పడ్డాయి. గుడ్డ తిరగేసి పెట్టి, వేలికి దారం చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు భోజనానికి లేచాను. తిని వచ్చేసరికి మరకల గుడ్డ లేదు. దాని చోట అదే కొలతకు కత్తిరించిన కొత్త గుడ్డ మడిచి ఉంది. మా ఆవిడ పని అనుకున్నాను. అడగలేదు.

ఇక మిగిలింది మూత. చుట్టుకుపోయిన మూతను తడిపి, అదను చూసి, చెక్క మీద వంచి కట్టాలి. అదంతా ఒక్క నిమిషం పని. ఆ నిమిషం తప్పితే అన్ని రోజుల పనీ తప్పినట్టే.

తడిపాను. పొద్దెక్కేదాకా ఆగాను. చెయ్యి వేసి చూశాను. చెక్కను తాకినట్టే ఉంది. రంగు చూశాను. ముదురుగా, చల్లగా ఉన్నట్టే కనిపించింది. ఏడాదిపాటు నీళ్ళు తాగి నల్లబడిన తోలు ఎండినా అదే రంగులో ఉంటుందన్న సంగతి నాకు తెలియనిది కాదు. పాతికమందికి నేనే చెప్పాను. ఆ పూట నాకెవరూ చెప్పేవాళ్ళు లేకపోయారు. చెంప మాత్రం జానెడు దూరంలోనే ఉంది. వీధిలో మనుషులు తిరుగుతున్నారు. ఆనించలేదు.

వంచాను. చిటుక్కుమంది.

మడత దగ్గర, ఈ చివర నుంచి మూడొంతుల దాకా, జానెడు పగులు. వాన చేయనిది, ఎండ చేయనిది నేను చేశాను. లోపలి గదిలో బియ్యం ఏరుతున్న చప్పుడు ఆగిపోయింది. ఎవరూ బయటికి రాలేదు. సంచికి గుడ్డ చుట్టి పీట కింద పెట్టాను. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి కూర్చున్నాను. మా వాడి మాటే మాట అనుకున్నాను. కొలతలమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. తోలు చచ్చిపోయిందమ్మా, నిలబడలేదు అంటే నమ్ముతుంది. ఏడాది ట్యాంకు పక్కన పడున్న సంచి మరి.

మర్నాడు పొద్దున కోడలు వచ్చి నా ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. గొడుగులు కుట్టే సూదుల డబ్బా తెచ్చుకుంది.

"మామయ్యా, నాకీ పని నేర్పండి."

ఇప్పుడెందుకు అన్నట్టు చూశాను.

"వానాకాలం. ఇంట్లో తోచడం లేదు. అత్తయ్య పేలాలు వేగినట్టు మాట్లాడుతూనే ఉంటారు. మీ దగ్గరైతే చెవులకు సెలవు."

లోపలి నుంచి మా ఆవిడ ఏదో అంది. కోడలు ఆ మాట పట్టించుకోకుండా పీట కిందికి చెయ్యి పోనిచ్చి, మూట తీసి, గుడ్డ విప్పింది. పగులు చూసింది. వేలితో ఈ చివర నుంచి ఆ చివరకు రాసింది. ఎలా పగిలింది అని అడగలేదు.

"ఇది లోపల అతుకు వేసి కుట్టొచ్చా మామయ్యా?"

"కనబడుతుంది," అన్నాను.

"కనబడనివ్వండి. ఆవిడ దాచమనలేదుగా. నిలవాలంది, అంతే."

యాభై ఏళ్ళుగా నా పనితనమంతా కనబడకుండా చేయడమే. బాగుచేసినట్టు తెలియకపోతేనే బాగుచేసినట్టు. ఆ పిల్ల అన్నది నా బుర్రకు ఎక్కడానికి కాసేపు పట్టింది. ఎక్కాక, పలచటి తోలుముక్క ఒకటి వెతికి, అంచులు చెక్కమని కత్తి ఆ పిల్లకిచ్చాను. చెక్కింది. మొదటిది పాడుచేసింది, రెండోది పాడుచేసింది, మూడోది ఉల్లిపొర లాగా వచ్చింది. అతుకు వేసి, మైనం పట్టించిన దారంతో రెండు సూదులూ ఎదురెదురుగా దూరుస్తూ కుట్టింది. నేను ఎక్కడ పొడవాలో గోటితో గీసి చూపించాను. కళ్ళు నావి, వేళ్ళు ఆ పిల్లవి. చిట్లిన పిడికీ కొత్త తాడు వేసి అలాగే కుట్టాం. గొడుగు గుడ్డకు కుట్టేటప్పుడు ఒక్క కుట్టు వంకరైనా నీళ్ళు కారతాయట. మూత మీద ఆ కుట్టు ఎంత తిన్నగా వచ్చిందంటే, మొదట్నుంచీ అది అక్కడ ఉండాల్సిందే అనిపించింది. నా చేతిలో ఏ రోజూ అంత తిన్నటి గీత రాలేదు. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు అనలేదు.

మూతను రెండోసారి తడిపాం. ఈసారి ఆ పిల్ల దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, వీధిలోకి చూస్తూ, అందరికీ కనబడేలా చెంపకు ఆనించుకుంది.

"ఇంకా నీళ్ళున్నాయి మామయ్యా."

నా కంటికి అదను వచ్చినట్టే ఉంది. ఊరుకున్నాను. పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి మళ్ళీ ఆనించింది. ఇంకా లేదు అంది. కూర తరిగి వచ్చి ఆనించింది. పక్కింటావిడ ఆగి, చెంపకు ఏం రాసుకుంటున్నావే అని అడిగితే, అందం పెరుగుతుందట పిన్నీ, మా మామయ్య చెప్పారు అంది. పక్కింటావిడ నాకేసి చూసింది. నేను దారానికి మైనం పట్టిస్తూ తల దించుకున్నాను.

నాలుగోసారి ఆనించి, మాట్లాడకుండా నాకేసి చూసింది. చెక్క తెచ్చాను. ఇద్దరం కలిసి వంచాం. చప్పుడు లేదు. మూత మాట విన్నట్టు ఒదిగింది. కట్టు కట్టి నీడన పెట్టాం. అప్పుడు చూశాను, ఆ పిల్ల చెంప మీద తోలు అంచు పడి ఎర్రటి గీత. కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

నెలాఖరుకు ఒకరోజు ముందు కొలతలమ్మ వచ్చింది. సంచి పీట మీద ఉంది. నల్లటి పక్క నల్లగానే, వెలిసిన పక్క వెలిసే ఉన్నాయి, కానీ రెండు పక్కలకూ ప్రాణం వచ్చింది. తాళం మెరుస్తోంది. ఆవిడ దాన్ని తీసుకోలేదు. కాసేపు ఊరికే చూసింది. తర్వాత మూత మీది కుట్టు మీద వేలు పెట్టి, ఇది వానకు పోయిందా అని అడిగింది.

కోడలు నోరు తెరిచింది. ఆ పిల్ల దగ్గర ఏదో ఒక మాట సిద్ధంగానే ఉంటుందని నాకు తెలుసు. వాన అనో, పాత తోలనో. చెయ్యెత్తి ఆపాను.

"వాన కాదు. నేను పగలగొట్టాను. నా వేళ్ళకు తడి తెలియడం లేదు. కుట్టింది మా కోడలు."

నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు అనలేదు.

కొలతలమ్మ కుట్టును ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్ళీ చూసింది. కొలిచే మనిషి చూపు. "గట్టు చెరిగిపోతే మేమూ ఇంతే పెద్దాయనా, మళ్ళీ గీత గీస్తాం," అంది. "ఇంత తిన్నగా గీసేవాళ్ళు మా ఆఫీసులో లేరు." కోడలికేసి తిరిగి, ఇంతకీ నీ పేరేమిటమ్మా అని అడిగింది. నా ముందు ఏ గిరాకీ ఆ మాట అడగగా వినలేదు. సంచి భుజాన వేసుకుని, ఒకసారి కిందికి లాగి చూసుకుని, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం టీ మా ఆవిడ తెచ్చింది. గ్లాసుకు గుడ్డ ఉంది. ఈ గుడ్డేమిటి అని మొదటిసారి అడిగాను.

"ఇప్పుడడుగుతున్నారా," అంది. "పొగలు కక్కే గ్లాసు పట్టుకుని మీరు ఉలక్కుండా కూర్చుంటే, ఎండాకాలంలోనే కనిపెట్టింది అది. చెయ్యి కాలుతుంది అత్తయ్యా, ఆయనకు తెలియదు అంది. మీతో అనొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నా చేత."

మా ఆవిడ చేత ఒక మాట దాచి పెట్టించడం మామూలు పని కాదు. నలభై మూడేళ్ళలో నా వల్ల కాలేదు.

టీ చల్లారేదాకా తాగలేదు. వేసవి నుంచీ అంటే, ఆ పిల్లకు తోచకపోవడం అబద్ధం. అత్తయ్య మాటలు పడలేకపోవడం అబద్ధం. మరకల గుడ్డ మార్చింది ఎవరో అడగనక్కర్లేదు. నాకు వేళ్ళు అరువిచ్చి, దానికి నేర్చుకోవడం అని పేరు పెట్టుకుంది. నా పరువుకు కూడా గుడ్డ చుట్టి పట్టుకుంది.

నాలుగో తారీఖున కొలతలమ్మ మళ్ళీ వచ్చింది, ఊరికే. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదట. అందరూ లేచి నిలబడ్డారట. సంచి బల్ల మీద పెట్టగానే ముగ్గురు దానికేసి కళ్ళప్పగించి చూశారు. ఒక్కడు మాత్రం గోడ మీది గడియారం చూస్తూ ఉండిపోయాడు. "ఎవడు విసిరాడో ఏడాదిన్నరగా తెలియలేదు. ఆ రోజు తెలిసింది," అంది. వాణ్ణి ఏం చేశారు అని కోడలు అడిగింది. ఏమీ చేయలేదట. రోజూ పొద్దున ఆ సంచిని వాడి బల్ల మీదుగానే తీసుకెళ్తోందట, అంతే.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మా వాడు వచ్చాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ముందు గదిలోకి వచ్చి పాట మొదలుపెట్టాడు. సెల్‌ఫోన్ల వాడు మళ్ళీ అడిగాడు నాన్నా అన్నాడు. నేను పీట మీద లేను, గోడవార ఉన్న స్టూలు మీద ఉన్నాను. పీట మీద వాడి పెళ్ళాం ఉంది. అది వాడికి కాస్త ఆలస్యంగా కనబడింది.

"నువ్వక్కడేం చేస్తున్నావ్?" అన్నాడు.

ఆ పిల్ల ముందున్న సంచికేసి తిరిగింది. ఎవరిదో డాక్టరమ్మ సంచి, వానకు తడిసింది, పొద్దున్నించీ ఆరుతోంది. ఆ పిల్ల దాని మీద వేళ్ళు వేసింది. నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. వేసిన వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆగడంలోనే తెలిసిపోయింది వాటికి. కొన్నాళ్ళుగా తెలుస్తూనే ఉంది, నేను గమనిస్తున్నాను. అయినా అలవాటుగా సంచిని చెంప దాకా ఎత్తింది, నాకోసం.

స్టూలు మీంచి లేచాను. సంచికీ ఆ పిల్ల చెంపకూ మధ్య నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

"ఇక వేళ్ళు చాలమ్మా," అన్నాను.

ఆ మాటకు అర్థం నేను ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడ చెప్పి ఉంటుంది. ఒట్టు వేయించుకోవడం నేను మర్చిపోయాను. ఆ పిల్ల కళ్ళు దించుకుని, ముక్కు ఎగబీల్చి, సంచి నా చేతుల్లో పెట్టింది.

మా వాడు ఇద్దరికేసీ చూస్తూ నిలబడ్డాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నేను సంచి ఎత్తి నా చెంపకు ఆనించుకున్నాను. యాభై ఏళ్ళ తర్వాత. చల్లగా ఉంది.

"అదను," అన్నాను. "చెక్క అందుకోరా."

వాడు అందుకున్నాడు.